బోదకాలు మందు కథ: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



భీమవరంలో 1895లో పుట్టి, 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగానే ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ గుర్తొస్తాయి. ఈ సాయంత్రం వాటి జోలికి పోవడం లేదు. ఆయన పుట్టిన గోదావరి డెల్టాను తరతరాలుగా పీడించిన జబ్బు బోదకాలు. దానికి ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది. నేటి ప్రసంగం ఆ మందు గురించి.

సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా జాడ కోసం దోమ కడుపు కోసి చూసిన కథ ఈ సభకు కొత్త కాదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1877లో, చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ బోదకాలుకు మూలమైన ఫైలేరియా పురుగు పిల్లలు దోమ ఒంట్లో ఎదగడం చూశాడు. దోమ నీళ్లలో పడి చస్తే ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందనుకున్నాడు పాపం. 1900లో జార్జ్ లో దోమ తొండంలోనే పురుగును చూపించాక ఆ ఊహకు నూకలు చెల్లాయి. ఆ తర్వాతి నలభై ఏళ్లూ అంటిమొనీ, ఆర్సెనిక్ సూదులతో గడిచాయి. రోగికి మేలు తక్కువ, యాతన ఎక్కువ. ఆ కాలాన్ని దాటేద్దాం.

నేను ఎక్కువ కాలం వెచ్చించినది 1940ల మీద. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికుల్లో వేలమందికి ఫైలేరియా సోకింది. పేదల జబ్బుగా ఓ మూల పడి ఉన్నది ఉన్నట్టుండి సైన్యం సమస్య అయింది. సుబ్బారావు అప్పటికే అమెరికాలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు పెద్ద. అక్కడ ఒక పక్క రసాయన శాస్త్రవేత్తలు కొత్త పదార్థాలు తయారుచేస్తుంటే, మరో పక్క రెడ్జినాల్ హీవిట్ బృందం వాటిని కాటన్ ర్యాట్ అనే అమెరికా అడవి ఎలుకల మీద పరీక్షించేది. ఆ ఎలుకలకు సహజంగానే ఒక రకం ఫైలేరియా సోకుతుంది. అలా తేలినదే పైపరజీన్ నుంచి పుట్టిన డైఇథైల్‌కార్బమజైన్. బజారు పేరు హెట్రజాన్, ఇప్పుడందరూ అనేది డి.ఇ.సి. 1947లో ఎలుకలు, కుక్కల మీది ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడు పోర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. సూది అక్కర్లేదు, మింగితే చాలు. కొద్ది రోజుల్లోనే నెత్తుట్లో మైక్రోఫైలేరియా, అంటే ఆ పురుగు పిల్లల, సంఖ్య బాగా పడిపోయింది.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఇదే మందును గాజు గొట్టంలో మైక్రోఫైలేరియాల మీద పోస్తే అవి దాదాపు చెక్కుచెదరవు. లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ బృందం దీన్ని తరచి చూసింది. మనిషి ఒంట్లోని రక్షణ వ్యవస్థ తోడైతేనే ఆ మందు పని చేస్తుంది. గొట్టాల్లో మాత్రమే పరీక్షించి ఉంటే ఈ పదార్థాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లు. బతికున్న జంతువులో వెతకాలన్న పద్ధతిలోనే అసలు తెలివి ఉంది.

ఈ తెలివి ఎవరిదన్న దగ్గరే పాత తగాదా. సుబ్బారావు మీద రాసేవాళ్లలో ఒక జట్టు ఆయనే ఒంటిచేత్తో మందు కనిపెట్టి బోదకాలును నయం చేశాడంటుంది. మరో జట్టు ఆయన పేరే ఎత్తదు. ఎత్తినా, 1947 వ్యాసంలో ఆరుగురి పేర్లలో ఆయనది చివరిది కదా, అంటే నామమాత్రమే అని తేల్చేస్తుంది. ప్రయోగశాల పెద్ద పేరు చివర వేయడం ఎంత మామూలో ఈ జట్టుకు తెలియదా? తెలుసు, తెలిసే అంటుంది. అయితే మొదటి జట్టు చేసేదీ మేలు కాదు. హీవిట్‌ను, రసాయనం తయారుచేసిన కుష్నర్‌ను, మిగతావాళ్లను తుడిచేస్తే సుబ్బారావు గొప్పతనం పెరగదు. వేర్వేరు విద్యలవాళ్లను ఒక పనికి కూడగట్టి నడిపించడమే ఆయన చేసిన పని. అదేమీ చిన్నది కాదు. పైగా "నయం చేశాడు" అన్న మాట అసలే తప్పు. వాచి గట్టిపడిన కాలును ఈ మందు మామూలు కాలు చేయదు. దాన్ని రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, పుండ్లు పడకుండా చూసుకోవాల్సిందే. ఇదే జబ్బు తెచ్చే వరిబీజానికి శస్త్రచికిత్సే దారి. డి.ఇ.సి. నెత్తుట్లోని పురుగు పిల్లలను తుడిచి, దోమకు అవి అందకుండా చేస్తుంది. దాని విలువంతా అక్కడే.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మిగిలిన డెబ్బై అయిదేళ్లూ గబగబా. 1955లో మన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పురుగు పిల్లలు రాత్రిపూటే పైనెత్తుట్లోకి వస్తాయి గనక సిబ్బంది అర్ధరాత్రి తలుపులు తట్టి వేలి నెత్తురు తీసేవారు. కారైకాల్‌లో డి.ఇ.సి. కలిపిన ఉప్పునూ ప్రయత్నించారు. 2004 నుంచి ఊరందరికీ ఏటా మాత్రలు, తర్వాత వాటికి తోడు ఆల్బెండజోల్. 2015లో నోబెల్ తెచ్చిపెట్టిన ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలిపి మూడు మందుల పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సిఫార్సు చేసింది. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసుకున్నాయి. మన లక్ష్యం 2027. తెలంగాణలో బోదకాలు బాధితులకు పింఛను అందుతోంది. అది అవసరమే, కానీ కొత్త బాధితులు పుట్టకుండా ఆపేది మాత్రే.

ఒంట్లో పురుగున్నా ఏళ్ల తరబడి కాలు వాయకపోవచ్చు. అందుకే బాగున్నవాళ్లూ మింగాలి. ఆశా కార్యకర్త మాత్రలు తెచ్చినప్పుడు "తర్వాత వేసుకుంటాంలే" అని గూట్లో పెట్టకండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు తప్ప ఇంటిల్లిపాదీ ఏదైనా తిని, ఆమె ఎదుటే మింగండి.