మన పక్షం మృతుల లెక్క

 ఇవాళ పట్టా అందుకుంటున్న బిడ్డలారా!

కమ్యూనిజం ఎక్కువమందిని పొట్టనబెట్టుకుందా, పెట్టుబడిదారీ విధానమా? మీ హాస్టల్ గదుల్లో ఈ వాదన తెల్లవార్లూ సాగే ఉంటుంది. మా రోజుల్లోనూ సాగింది. ఒకరు స్టాలిన్ పేరెత్తితే మరొకరు కాంగో రబ్బరు దోపిడీ మాటెత్తుతారు. ప్రతివాడూ ఎదుటిపక్షం మృతులనే లెక్కపెడతాడు. ఆ అలవాటు మానుకోమని అడగడానికే రెండు కరువుల కథ చెబుతాను.

మొదటిది మన నేలదే, 1876-78 నాటి ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. ఆ కాలంలోనే మన దేశపు గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లాయి. గింజల వ్యాపారంలో ప్రభుత్వం చేయి పెట్టరాదన్నది వైస్రాయ్ లిట్టన్ పట్టుదల. అంతకుముందు 1874లో, బీహారు కరువులో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. దుబారా చేశాడని పైవాళ్లు నిందించారు. అదే టెంపుల్ మద్రాసుకు వచ్చి, కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు పౌండు ధాన్యం, కాసిని డబ్బులు చాలన్నాడు. పౌండంటే అరకిలో కూడా కాదు. ఆ కూలితో మనిషి నిలవడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఎదురు చెప్పాడు. ఆ కరువులో పోయిన ప్రాణాలు 50 లక్షలకు పైనేనని అంచనా.

రెండోది చైనాది. 1958లో మావో గ్రేట్ లీప్ ఫార్వర్డ్ అనే భారీ ప్రణాళిక మొదలుపెట్టాడు. పండని పంటను పండినట్టు ఉమ్మడి సేద్యపు కమ్యూన్లు రాసి పంపాయి. ఆ కాగితాల లెక్కనే పట్టుకుని సర్కారు లెవీ తోలుకుపోయింది. 1959లో పల్లెలు ఆకలితో రాలిపోతున్నా ధాన్యం ఎగుమతి ఆగలేదు. రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ ఉన్నమాట ఉత్తరంగా రాస్తే పదవి ఊడింది, తర్వాత జైలు, దెబ్బలు. మృతుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. ఆ ఆకలికి తండ్రిని పోగొట్టుకున్న విలేకరి యాంగ్ జిషెంగ్ దశాబ్దాల తర్వాత పుస్తకం రాస్తే, చైనాలో దాన్ని నిషేధించారు.

ఒకచోట మార్కెట్ పేరు, ఒకచోట ప్రణాళిక పేరు. రెండుచోట్లా అన్నం ముద్దకంటే సిద్ధాంతమే ముఖ్యమైంది.

అలాగని రెండూ ఒకటేనని అనను. మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ ఆ కరువు చరిత్రను 1878లోనే రెండు సంపుటాలుగా అచ్చు వేయగలిగాడు. ఏకపార్టీ రాజ్యంలో నిజం చెప్పడమే నేరమైంది. ఇది చిన్న తేడా కాదు. అయితే డిగ్బీ రాసినా, చచ్చిపోతున్న రైతుకు పాలకుణ్ణి దించే ఓటు లేదు. తెలంగాణలో వెట్టిచాకిరీ మీద తిరగబడిన పల్లెలకు అండగా నిలిచింది ఎర్రజెండాయే అన్నదీ మరువకూడదు.

స్వతంత్ర భారతంలో అలాంటి మహాక్షామం రాకపోవడానికి పత్రికలు, ఎన్నికలు కారణమన్నాడు ఆర్థికవేత్త అమర్త్యసేన్. ఆయనే జాన్ ద్రెజ్‌తో కలిసి 1989లో మరో లెక్క చూపాడు. చైనా తన ప్రజలకు అందించినపాటి తిండి, వైద్యం అందక మన దేశంలో చడీచప్పుడు లేకుండా పోయే ప్రాణాలు, ప్రతి ఎనిమిదేళ్లకూ ఆ చైనా కరువు మృతుల సంఖ్యను మించుతున్నాయని. ఏ పక్షమూ తప్పించుకోలేని లెక్క ఇది.

బిడ్డలారా, మీలో కొందరు అధికారులవుతారు, కొందరు విలేకరులవుతారు, కొందరు లెక్కలు రాస్తారు. ఏదో ఒక రోజు ఒక పట్టికలో ఒక అంకె వేయవలసి వస్తుంది. పండని పంటను పండిందని రాయకండి. చాలని కూలిని చాలునని సంతకం పెట్టకండి. మీరు నమ్మిన జెండా ఏదైనా, ముందు దాని నీడలో పోయినవాళ్లను లెక్కపెట్టండి.