చట్టం రాసిన నిర్వచనం, ఐరా కట్జ్‌నెల్సన్ చదివిన తీరు



అధ్యక్షోపన్యాసంలో శాస్త్రమంతా ఒకసారి చుట్టి రావడం మన ఆనవాయితీ. ఈసారి ఒక్కరి కృషి గురించే చెబుతాను. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యులు ఐరా కట్జ్‌నెల్సన్.

1981లో వచ్చిన ‘సిటీ ట్రెంచెస్’ కోసం ఆయన ఉత్తర మన్‌హాటన్ పేటల్ని పరిశీలించారు. పనిచోట కార్మికులుగా ఒక్కటైనవాళ్లు పేటలోకి వచ్చేసరికి జాతుల వారీగా ఎందుకు విడిపోతున్నారన్నది అప్పటి ప్రశ్న. ఆ ప్రశ్నే ఆయన్ని అమెరికా చట్టసభ అధ్యయనం దాకా తీసుకెళ్లింది.

1935 నాటి వాగ్నర్ చట్టం అమెరికన్ కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కుకు రక్షణనిచ్చింది. దాని రెండో సెక్షన్లో ‘ఉద్యోగి’ అంటే ఎవరో చెబుతూ వ్యవసాయ కూలీలనూ, ఇళ్లల్లో పనిచేసేవాళ్లనూ వదిలేశారు. నల్లవారన్న మాట ఎక్కడా లేదు. అదే ఏడాది సామాజిక భద్రతా చట్టంలోనూ, 1938 కనీస వేతన చట్టంలోనూ ఇదే వరస. దక్షిణాది పత్తి చేలల్లో కూలికెళ్లేదెవరు, తెల్లవాళ్ల ఇళ్లల్లో అంట్లు తోమేదెవరు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. సామాజిక భద్రత మొదలైనప్పుడు నల్లజాతి శ్రామికుల్లో 65 శాతం దాని బయటే ఉన్నారని ‘వెన్ అఫర్మేటివ్ యాక్షన్ వజ్ వైట్’లో ఆయన చూపారు.

ఈ మినహాయింపుల వెనుక ఉన్నది కాంగ్రెస్‌లోని దక్షిణాది సభ్యులేనన్నది ఆయన వాదన. దీనికి గట్టి ఎదురువాదమే ఉంది. సామాజిక భద్రతా చట్టంలో ఆ మినహాయింపు అడిగింది దక్షిణాది సభ్యులు కాదనీ, పన్ను వసూలు కష్టమన్న ఆర్థికమంత్రి మోర్గెన్‌థో అనీ, బయట మిగిలిన వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లేననీ చరిత్రకారుడు లారీ డెవిట్ 2010లో రాశారు. దాన్ని కాదని తోసెయ్యలేం. అయినా, ఆ ఒక్క చట్టం విషయంలో డెవిట్ మాటే నెగ్గినా, ఓట్ల లెక్క అలాగే నిలుస్తుందని నా నమ్మకం. రాజనీతి శాస్త్రవేత్త షాన్ ఫర్హాంగ్‌తో కలిసి కట్జ్‌నెల్సన్ కాంగ్రెస్ ఓటింగులను పరిశీలించారు. మొదట్లో కార్మిక చట్టాలకు ఓటేసిన దక్షిణాది డెమోక్రాట్లు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సంఘాలు తమ ప్రాంతంలో కాలుపెట్టగానే రిపబ్లికన్ల వైపు జరిగారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వీటోను కాదని, సంఘాలకు కళ్లెం వేసే టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం గట్టెక్కింది ఆ పొత్తుతోనే.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1944లో చేసిన చట్టంలోనూ వర్ణభేదం మాటే లేదు. అమలు మాత్రం స్థానిక అధికారుల, బ్యాంకుల చేతిలో పెట్టారు. 1947లో మిసిసిపీ పట్టణాల్లో జరిగిన సర్వేలో ప్రభుత్వ హామీతో ఇచ్చిన రుణాలు 3,229 అని తేలింది. అందులో నల్లవారికి దక్కినవి రెండు. ఇల్లు కొనుక్కున్న తెల్ల సైనికుడి పిల్లలకు ఆస్తి మిగిలింది. నల్ల సైనికుడి పిల్లలకు అద్దె మిగిలింది.

పరిశోధక మిత్రులారా, వాగ్నర్ చట్టంలోని ఆ నిర్వచనం నేటికీ అమల్లోనే ఉంది. అందుకే కాలిఫోర్నియా పొలం కూలీలు 1975లో తమ రాష్ట్రం చేత వేరే చట్టం చేయించుకోవలసి వచ్చింది. వాళ్లలో అత్యధికులు మెక్సికో మూలాలవారు. 1935లో ఆ వాక్యం రాసినవాళ్ల మనసులో వీళ్లు ఉన్నారనుకోను.