తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?



మన ధర్మపురి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పొద్దున పదిగంటల తరువాత ఒక దృశ్యం కనిపిస్తుంది. ఆడవాళ్ళు కూలిపనికో, సంఘం కూటానికో పోతూ ఉంటారు. పిల్లలు బడిలో ఉంటారు. వయసు పిల్లలు హోసూరుకో, బెంగుళూరుకో, తిరుప్పూరుకో పోయి ఉంటారు. అరవై దాటిన మగవాళ్ళు మాత్రం టీ అంగడి ముందో, చింతచెట్టు కిందో కూర్చుని ఉంటారు. నిన్నటిదాకా సేద్యం చేసిన చేతులు, కొయ్యపని చేసిన చేతులు, బస్సు నడిపిన చేతులు అవి. పని పోయిన మగవాడికి మాట కూడా తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్ళకు అది కోపంలాగా తోస్తుంది. చాలాసార్లు అది కోపం కాదు, తాను ఇంకెవరికీ అక్కరలేదేమో అన్న దిగులు.

అలాంటివారి కోసం ఊరివాళ్ళే జీతం భత్యం లేకుండా నడుపుకునే పనికొట్టం గురించి, దాన్ని నడిపించేవాడు ఎలా నడుచుకోవాలన్న దాని గురించి ఈనాడు నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ ఆలోచన ఆస్ట్రేలియాలో పెరిగింది. 1998లో విక్టోరియా రాష్ట్రంలోని టొంగాలా అనే చిన్న పాడిపంటల ఊళ్ళో 'మెన్స్ షెడ్' పేరుతో ఒక కొట్టం తెరిచారు. పని మానుకున్న మగవాళ్ళు అక్కడికి వచ్చి కుర్చీలు బాగుచేస్తారు, బొమ్మలు చేస్తారు, టీ తాగుతారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి కష్టం చెప్పమంటే మగవాడు చెప్పడు. పక్కపక్కన నిలబడి రంపం లాగుతూ ఉంటే తనంతట తానే చెబుతాడు. ఇదే అందులోని కిటుకు. 2007లో ఆ దేశంలో ఈ కొట్టాలన్నిటికీ ఒక సంఘం ఏర్పడింది. ఇప్పుడు అక్కడ వెయ్యికి పైగా ఉన్నాయి. ఐర్లండులో, బ్రిటనులో కూడా నడుస్తున్నాయి.

ఇంత దూరం పోనక్కరలేదు. సంఘం నడపడం మన జిల్లాకు కొత్త కాదు. అంతర్జాతీయ వ్యవసాయ అభివృద్ధి నిధి సాయంతో తమిళనాడులో మహిళా స్వయం సహాయక సంఘాలు 1989లో మొదలైంది మన ధర్మపురి జిల్లాలోనే. అప్పటికి కృష్ణగిరి కూడా మనతోనే ఉండేది, 2004లో వేరు జిల్లా అయింది. ఆ సంఘాలను నిలబెట్టింది ఒక్క డబ్బే కాదు. తప్పకుండా జరిగే కూటం, అందరి ముందూ రాసే లెక్క పుస్తకం, బాధ్యత ఒక్కరి దగ్గరే ఉండిపోకుండా పంచుకోవడం. ఈ మూడూ మా ఇంటి ఆడవాళ్ళ దగ్గర కళ్ళారా చూస్తూ కూడా, నా వంతు వచ్చినప్పుడు నేను మరిచిపోయాను. ఆ సంగతి చెబుతాను.

మా ఊళ్ళో ఒకరు పట్టుపురుగుల పెంపకం మానుకుంటే ఆ షెడ్డు ఖాళీగా పడి ఉండింది. అడిగితే వాడుకోమన్నారు. ఇంటింటికీ పోయి పాత సుత్తులు, ఉలులు, రంపాలు, ఒక చిత్రిక పోగుచేశాము. ఎనిమిదిమంది వచ్చారు. కొందరిది తెలుగు, కొందరిది తమిళం, ఒకరిది కన్నడం. బడి బెంచీలు బాగుచేశాము, పారలకు కొత్త పిడులు వేశాము. ఏ వీధివాళ్ళు వచ్చినా అందరికీ ఒకే రకం గ్లాసులో టీ అని మొదటిరోజే చెప్పాము. ఒకాయన రెండు రోజులు టీ వద్దన్నాడు. మూడోరోజు తానే గ్లాసులు కడిగాడు.

వారిలో ఒక పెద్దాయన ఒకప్పుడు బండిచక్రాలు, మడకలు చేసినవాడు. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆయన దగ్గరికి ఎవరూ పోలేదు. కొట్టంలో మాత్రం అందరూ ఆయననే అడిగేవాళ్ళు.

లెక్క నేనే రాసేవాణ్ణి, పని నేనే పంచేవాణ్ణి, తాళంచెవి నా జేబులోనే ఉండేది. అది సేవ అనుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో మా మామగారిని సేలం ఆసుపత్రిలో చేర్చి ఇరవై రోజులు అక్కడే ఉండిపోయాను. తాళంచెవి నాతోనే వచ్చింది. తిరిగి వచ్చి తలుపు తీస్తే ముగ్గురే వచ్చారు. పెద్దాయన రాలేదు. వారం తరువాత ఇంటికి పోయాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం సరిగ్గా తినడం లేదని కోడలు చెప్పింది. "నాలుగు దినాలు వచ్చి తాళం చూసి పోతిని, అయ్యవారూ. ఇది మన కొట్టం కాదు, మీ కొట్టం అనుకొంటిని" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదేనని ఒప్పుకుని, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. పుచ్చుకోవడానికి ఆయనకు ఇంకో నాలుగు రోజులు పట్టింది.

అప్పటినుంచి మేము పెట్టుకున్న పద్ధతులు చెబుతాను. మీకు పనికివస్తే వాడుకోండి.

ఒకటి. తాళంచెవులు మూడు, ముగ్గురి దగ్గర. ఏరోజు ఎవరు తీయాలో గోడమీద రాసి ఉంటుంది.

రెండు. డబ్బు పది రూపాయలైనా పుస్తకంలోకి ఎక్కాలి. నెలకొకసారి లెక్క అందరికీ వినిపించాలి. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు ఉండాలి. చట్టప్రకారం సంఘంగా రిజిస్టరు చేసుకోవాలంటే తమిళనాడు 1975 చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి.

మూడు. కరెంటు రంపం, గ్రైండరు లాంటివి ఒంటరిగా ఉన్నప్పుడు ముట్టకూడదు. నేర్పినవారే వాడాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. జారిన పంచె, భుజం మీద తువ్వాలు యంత్రం దగ్గర పనికిరావు. తాగి వచ్చినవారిని ఆరోజుకు మర్యాదగా ఇంటికి పంపాలి, మరునాడు రమ్మనాలి. చేయి వణికేవారికి ఉప్పుకాగితంతో రుద్దే పని ఇవ్వాలి, ఊరికే కూర్చోబెట్టకూడదు. 108 నంబరు గోడమీద పెద్దగా రాసి ఉండాలి.

నాలుగు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రెండు రోజులు రానివారి ఇంటికి మూడోరోజు ఎవరో ఒకరు పోవాలి. ఎందుకు రాలేదని నిలదీయకూడదు, పని ఆగిపోయింది రమ్మనాలి. దిగులు మరీ ముదిరి, బతకడం ఎందుకన్న మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. ఆ మనిషిని ఒంటరిగా వదలక డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే డబ్బు లేకుండా సలహా చెబుతారు.

కొట్టం మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక నీడ, నాలుగు పనిముట్లు, మరమ్మతు కావలసిన ఒక బెంచీ చాలు. నడిపించేవాడు తనను తాను అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుకోవాలి. నేను నెలరోజులు రాకపోతే ఈ తలుపు తెరుచుకుంటుందా? తెరుచుకుంటుంది అనిపిస్తే మీరు బాగా నడుపుతున్నట్టే.

మా పెద్దాయన ఇప్పుడు మంగళ, శుక్రవారాలు కొట్టం తీస్తున్నాడు. నేను ఆలస్యంగా పోతే, బడి గంట మరిచితిరా అని నన్నే అడుగుతాడు.

మీ ఊళ్ళో కూడా చింతచెట్టు కింద కూర్చున్నవారిలో ఒకరిని రేపు పలకరించి, ఏ పని వచ్చునో అడిగి చూడండి.