ఐర్లాండు తాత, మన అవ్వ



కనియంబాడి, రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళు తరతరాలుగా ఉన్నాయి. మీ మూలం ఎక్కడంటే కొందరు ఇంటిపేరులోని ఊరు చెబుతారు. ఆ ఊరిని వాళ్ళ తాత కూడా చూసి ఉండడు. జోలారుపేట రైల్వే కాలనీలలో బతికిన ఆంగ్లో ఇండియన్లదీ ఇదే తీరు. ఇంటిపేరు ఓబ్రయన్ అనో మర్ఫీ అనో ఉంటే, మాది ఐర్లాండు అంటారు.

ఆ మాట రుజువయ్యేది ఎలా? మద్రాసు రాజధాని చర్చీలలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండనుకు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడి నుంచి ఐర్లాండు వైపు దారి ఇరుకు. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం తగలబడి, శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. 1901, 1911 జనాభా లెక్కలు దక్కాయి గాని, కంపెనీ కాలపు సిపాయిలు అంతకు ఎంతో ముందే ఓడ ఎక్కారు.

తాతో అవ్వో ఐర్లాండులో పుట్టి ఉంటే ఆ దేశ పౌరసత్వం అడగవచ్చు. అంతకు పై తరమైతే సాధారణంగా ఆ హక్కు అందదు. దూరపు మూలం వల్ల మిగిలేది వంశకథే. అందుకే దాన్ని పూర్తిగా చెప్పుకోవాలి.

1806 జూలై 10న రాయవేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆర్కాటు నుంచి గుర్రపు దళంతో వచ్చి అణచిన గిలెస్పీ ఐర్లాండులోని కోంబర్‌లో పుట్టినవాడు. పట్టుబడ్డ వారిలో సుమారు నూరుమందిని గోడకు నిలబెట్టి కాల్పించాడు. 1920లో పంజాబులో కన్నాట్ రేంజర్స్ పటాలంలోని ఐరిష్ సైనికులు, తమ దేశంలో బ్రిటిష్ దౌర్జన్యానికి నిరసనగా ఎదురు తిరిగారు. వారిలో జేమ్స్ డేలీని ఆ ఏడు నవంబరు 2న కాల్చి చంపారు. ఐర్లాండు మాది అనేవారు డేలీని చెప్పుకుని గిలెస్పీని దాచడం న్యాయం కాదు.

ఇంకొకరు మరుగున ఉన్నారు. మన రాజ్యాంగం 366వ అధికరణం ఆంగ్లో ఇండియన్‌ను తండ్రి వైపు యూరపు మూలాన్ని బట్టే గుర్తిస్తుంది. పాత చర్చి పుస్తకాలలో తండ్రి పేరు, పటాలం ఉంటాయి. తల్లి ఈ దేశపు స్త్రీ అయితే చాలాచోట్ల బాప్తిస్మపు పేరు ఒక్కటే, కొన్నిచోట్ల అదీ లేదు. ఆమె తెలుగుదో అరవదో ఆ పుట చెప్పదు. ఐర్లాండు తాతతో పాటు ఆ అవ్వ కూడా మాదే అన్నప్పుడే ఆ మాట నిండుతుంది.

మన ఇంటిపేర్లు కూడా మగవారి వెంటే నడుస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు, పుట్టిన ఊరు అడిగి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. సెలవు.