పొరుగుదేశం ప్రయాణం - మా ఇంటి పద్దు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



"విదేశీ ప్రయాణం" అనగానే మనలాంటి ఇళ్ళలో ఒక నవ్వు నవ్వి ఊరుకుంటాం. అది ఉన్నవాళ్ళ మాట, మనకెందుకులే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కాని 2024 ఏప్రిల్ ఆఖరివారంలో మేము అయిదుగురం, అంటే మావారు, 68 ఏళ్ళ మా అత్తగారు, కాలేజీలో చదివే మా అబ్బాయి, 14 ఏళ్ళ మా అమ్మాయి, నేను, విజయవాడలో రైలెక్కి నేపాలు వెళ్ళి జీపులో ఊరూరా తిరిగి వచ్చాం. డబ్బు ఎలా సరిపెట్టుకున్నామో, ఎక్కడ పొరపాటు చేశానో రెండూ దాచకుండా చెబుదామనే ఈవేళ మీ ముందుకు వచ్చాను.

నేపాలే ఎందుకంటారా? మా అత్తగారికి ముక్తినాథ్ చూడాలని ముప్ఫై ఏళ్ళ కోరిక. మా మామగారు పూజలో ఉంచిన సాలగ్రామం గండకీనదిదట. ఆ నదిని చూడాలని ఆవిడ కలవరింత. పైగా నేపాలుకు మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు లేకపోయినా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు చాలు. పెద్దవాళ్ళకి ఒక్క ఆధార్ కార్డు చూపిస్తే మాత్రం సరిపోదు. 65 దాటినవాళ్ళకీ, 15 లోపు పిల్లలకీ ఆధార్ వంటి ఫొటో ఉన్న కార్డు సరిపోతుంది. 15కీ 18కీ మధ్య పిల్లలకి బడి ప్రిన్సిపాలు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మా అబ్బాయికి 19 నిండినా ఓటరు కార్డు లేదు! ప్రయాణం పుణ్యమా అని అదీ వచ్చింది. అందుకే ముందు కాగితాలు సర్దుకోండి, తర్వాతే పెట్టెలు.

ఇక డబ్బు సంగతి. ఒక ప్రయాణాల ఏజెంటు మనిషికి 40 వేలు చెప్పాడు. అయిదుగురికి రెండు లక్షలు. నా దగ్గరున్నది రెండేళ్ళు కట్టిన చీటీ డబ్బు, లక్షా నలభైవేలు. ఒక్క రూపాయి కూడా దాటకూడదని పట్టుదల. మనం నెల సరుకులకి చేసినట్టే ఆరు కవర్లు పెట్టి, పైన పేర్లు రాశాను. రైలుకి 19 వేలు. జీపుకీ టాక్సీలకీ కలిపి 56 వేలు. గదులకి 22 వేలు, తిండికి 22 వేలు, టిక్కెట్లకీ అనుమతులకీ 6 వేలు. ఆఖరి కవరులో 15 వేలు పెట్టి "ముట్టుకోరాదు" అని రాశాను. లెక్క సరిగ్గా లక్షా నలభై.

నేపాలు లెక్కలో మనకి కలిసొచ్చేది ఒకటుంది. 1993 నుంచీ మన నూరు రూపాయలకి వాళ్ళ నూట అరవై అని మారకం స్థిరంగా ఉంది. ఇవాళొక రేటు, రేపొక రేటు అనే బెడద లేదు. కొట్లో ధర అడిగితే "ఐసీయా, ఎన్సీయా?" అంటారు, అంటే మన డబ్బా, వాళ్ళ డబ్బా అని. అది తేల్చుకోకుండా బేరమాడితే మోసపోయేది మనమే. ఇంకోమాట. మన నోట్లలో నూరుకన్న పెద్దవి చెల్లవని నేపాలు 2018 డిసెంబరులో నిబంధన పెట్టింది. మేము అందుకని నూరు రూపాయల కట్టలే పట్టుకెళ్ళాం. ఇటువంటి నిబంధనలు మారుతూ ఉంటాయి. బయలుదేరేముందు బ్యాంకులో అడిగి కనుక్కోండి.

విజయవాడ, వరంగల్లు మీదుగా గోరఖ్‌పూర్ వెళ్ళే రైలుంది. దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. అక్కణ్ణించి సరిహద్దు సునౌలీ నూరు కిలోమీటర్ల లోపే. సొంతకారు తీసుకువెళ్ళేవాళ్ళు సరిహద్దులో రోజుకింత అని భన్సార్ సుంకం కట్టి, బండి కాగితాలు చూపించి వెళ్ళవచ్చు. కాని మన ఊరినుంచి పెట్రోలు లెక్క వేస్తే రైలే చవక. మేము గేటు నడిచి దాటి అవతల జీపు మాట్లాడుకున్నాం. దాటగానే మా అత్తగారు గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకున్నారు. అక్కడి కాలం మనకన్న అంత ముందు.

ఎన్ని ఊళ్ళు చూడాలన్న దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. మావారు ఎనిమిది ఊళ్ళు రాశారు. నేను కాగితం తీసుకుని ఊళ్ళు కొట్టేసి రాత్రులు లెక్కపెట్టాను. ఎందుకంటే ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది, పెట్టెలు సర్దడం, విప్పడం మన నెత్తినే పడుతుంది, పిల్లలు దారిలో ఆకలంటారు, చేతిలో డబ్బు మంచులా కరుగుతుంది. జీపు నడిచినా నిలబడ్డా రోజు అద్దె రోజు అద్దే. అందుకని ఖాట్మండు చేరగానే జీపును పంపేసి, అక్కడ మూడు రోజులూ ఊళ్ళో టాక్సీల్లోనే తిరిగాం. మొత్తం పొదుపులో పెద్ద వాటా దానిదే.

మొదటి రాత్రి లుంబినీలో ఉన్నాం. అది సరిహద్దుకి దగ్గర, రైలు బడలిక తీరుతుంది. మన అమరావతి, నాగార్జునకొండ చూసినవాళ్ళు బుద్ధుడు పుట్టిన చోట అశోకుడు నిలిపిన స్తంభం ముందు నిలబడితే ఏదో చుట్టరికం గుర్తొచ్చినట్టుంటుంది. తర్వాత పోఖరా వెళ్ళి రెండు రాత్రులున్నాం. ఫేవా చెరువుకి ఎదురుగా హిమాలయం కనిపిస్తుందని విని తెల్లవారకముందే లేచి కూర్చున్నాం. రెండు రోజులూ పొగమంచే తప్ప కొండలేదు! వేసవిలో అక్కడ అడవులు తగలబడి ఆకాశం మసకబారుతుందట. మా అబ్బాయి "ఇంత ఖర్చుపెట్టి గోడ చూశాం" అని విసుక్కున్నాడు.

పెద్ద పెట్టెలు పోఖరా లాడ్జిలోనే వదిలేసి, రెండు చేతిసంచులతో ముక్తినాథ్ బయలుదేరాం. అనుమతి పత్రానికి సార్కు దేశాలవాళ్ళకి మనిషికి వెయ్యి నేపాలీ రూపాయలు తీసుకున్నారు, మన లెక్కన 625. ఆ గుడి సముద్రమట్టానికి 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు. కాబట్టి పెద్దవాళ్ళని తీసుకువెళ్ళేవారు ముందు డాక్టరుకి చూపించాలి, ఒక్కరోజులో పైకి ఎక్కించకూడదు. మేము జోమ్‌సోమ్‌లో రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. మధ్యాహ్నం అయితే అక్కడ గాలి మనిషిని నిలవనివ్వదు. జీపు ఆగిన చోటునుంచి గుడికి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి మా అత్తగారు అద్దె గుర్రం ఎక్కి కూర్చుని "అమ్మాయ్, మీ మామగారు కూడా ఏనాడూ గుర్రం ఎక్కలేదే!" అన్నారు. గుడి వెనక 108 ధారలు, మంచు నీళ్ళు. ఆవిడ ఒక్కొక్క ధార కిందా చెయ్యి పెట్టి నెత్తిన చల్లుకుంటూ నడిచారు. ఆ ముఖం చూశాక రెండేళ్ళ చీటీ చెల్లిపోయిందనిపించింది నాకు.

తిరుగుదారిలో తాతోపానీలో ఒక రాత్రి గడిపి, పోఖరాలో మళ్ళీ దిగాం. ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారి మావారు తలుపు కొట్టి లేపారు. ఎదురుగా మచ్ఛపుచ్ఛ్రే, చేపతోక కొండ, కడిగిన వెండిపళ్ళెంలా! నేను కాఫీ కలపక్కర్లేదు, టిఫిను చెయ్యక్కర్లేదు. పెళ్ళయిన 22 ఏళ్ళలో ఒక పొద్దుటిపూట గంటసేపు ఊరికే కూర్చున్నది అదేనేమో. ఎనిమిది ఊళ్ళు పెట్టుకుని ఉంటే ఆ ఊళ్ళో మూడో రాత్రి ఉండేది కాదు, కొండ కనిపించేదీ కాదు.

తిండికి పెద్దగా ఇబ్బంది పడలేదు. అక్కడా రెండుపూటలా అన్నం, పప్పే. దాల్‌భాత్ అంటారు. చాలా చోట్ల అన్నం, పప్పు, కూర అడిగినకొద్దీ వడ్డిస్తారు, ధర మారదు. నేను తీసుకెళ్ళిన కందిపొడి, ఆవకాయ దానికి తోడయ్యాయి. కొండ ఎక్కేకొద్దీ సరుకులన్నీ కిందనుంచి మోసుకురావాలి గనుక ధర పెరుగుతుంది. అటుకులు, వేయించిన పల్లీలు దగ్గరుంటే మంచిది. ఖాట్మండులో పశుపతినాథుడి దర్శనానికి మనకి టిక్కెట్టు లేదు. భక్తపూర్‌లో పాత కోటల చౌకు చూడడానికి మాత్రం టిక్కెట్టుంది. సార్కువాళ్ళకి తక్కువ ధర. కార్డు చూపించి అడిగితేనే ఇస్తారు.

ఇక నా పొరపాటు చెప్పాలి. ప్లాను వేసేటప్పుడు అందరి కోరికలూ రాశాం. అత్తగారిది ముక్తినాథ్. అబ్బాయిది పోఖరాలో పడవ, కొండెక్కడం. మావారిది ఖాట్మండు. అమ్మాయిది చిత్వన్ అడవి, ఒంటికొమ్ము ఖడ్గమృగం. ఖాట్మండునుంచి తిరిగివచ్చే దారిలో నారాయణగఢ్ దగ్గరే సౌరాహా అనే ఊళ్ళో ఒక రాత్రి ఉంటే చూడవచ్చు. దానికి 9 వేలవుతుంది. లెక్క లక్షా నలభై తొమ్మిదయింది. ఏదో ఒకటి కొట్టెయ్యాలి. నేను చిత్వన్ మీద గీత గీశాను. "సరేలే అమ్మా" అంది మా అమ్మాయి. అంతే. గొడవ చెయ్యలేదు కాబట్టి బాధ లేదనుకున్నాను.

ఖాట్మండునుంచి ఒక్కరోజులో సరిహద్దు చేరదామని కారు మాట్లాడాం. బేరమాడి బాగా తగ్గించానని మురిసిపోయాను. పొద్దున్న ఎనిమిదికి రావలసినవాడు మధ్యాహ్నం పన్నెండుకి వచ్చాడు. దారిలో బళ్ళు బారులుతీరి ఆగిపోయాయి. ముగ్లింగ్ చేరేసరికి చీకటి పడింది. అక్కణ్ణించి నారాయణగఢ్‌కి 36 కిలోమీటర్లు. ఒకపక్క నిలువు కొండ, రెండోపక్క కింద త్రిశూలి నది. గులకరాళ్ళు కారు మీద పడుతున్నాయి. అమ్మాయికి వాంతులు. అత్తగారు నామస్మరణ మానలేదు. డ్రైవరు కళ్ళు మూతలు పడుతున్నాయని మావారు అతనితో ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నారు. రాత్రి పదకొండు గంటలకి నారాయణగఢ్‌లో దొరికిన చోట దిగాం. గదులకి రెట్టింపు అద్దె, డ్రైవరుకి రెండోరోజు కూలి, మొత్తం 7,500. "ముట్టుకోరాదు" కవరులోంచే తీశాను. 9 వేలు మిగిల్చానని సంబరపడ్డదాన్ని, చివరికి మిగిలింది 1,500. పైగా ఆ రాత్రి మేము పడుకున్న చోటికి సౌరాహా 20 కిలోమీటర్ల లోపే! అమ్మాయి నా ఒళ్ళో తలపెట్టి "ఇక్కడిదాకా వచ్చాం కదమ్మా" అంది. నాకు నోట మాట రాలేదు.

రైలుకీ మాకూ మధ్య ఒకరోజు ఎడం పెట్టుకున్నాం కనుక క్షేమంగా ఇల్లు చేరాం. తర్వాత రెండున్నర నెలలకి, 2024 జులై 12న తెల్లవారకముందే, అదే దారిలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలిలోకి కొట్టుకుపోయాయి. వాటిలో 60 మందికి పైగా ప్రయాణికులున్నారు. ఆ వార్త విన్న పూట నేను అన్నం తినలేకపోయాను. గదికయ్యే ఖర్చు కలిసొస్తుందని కొండదారిలో రాత్రి ప్రయాణం చెయ్యకండి. వానాకాలంలో, జూన్ మధ్యనుంచి సెప్టెంబరు దాకా, అటు వెళ్ళనే వద్దు. దసరా రోజుల్లో అక్కడ దశైఁ పండుగ, ఊళ్ళకి వెళ్ళేవాళ్ళతో బళ్ళు దొరకవు. అది అయ్యాక నవంబరు, లేదా మార్చి, ఏప్రిల్ మంచివి. 2025 సెప్టెంబరులో ఖాట్మండులో అల్లర్లు జరిగి విమానాశ్రయం కూడా మూసేశారు. అందుకే ఒక రోజూ, ఒక కవరూ ఎప్పుడూ మిగుల్చుకోవాలి.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని సామెత. ఆ సామెత నిజం చేసిన అమ్మని నేనే. ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే ముందు గొంతెత్తని వాళ్ళ కోరికే కొట్టేస్తాం. చాలా ఇళ్ళలో ఆ గొంతెత్తనిది మనమే. ఆ సంగతి తెలిసి కూడా నా కూతురికి అదే చేశాను.

ఇప్పుడు మళ్ళీ చీటీ కడుతున్నాను. కొత్త కాగితం మీద మొదటి గీత దగ్గర "చిత్వన్, రెండు రాత్రులు" అని అమ్మాయి చేతే రాయించాను. మీరూ ప్రయాణం వెయ్యండి. సరిహద్దు దాటినా, జిల్లా దాటినా పద్ధతి ఒకటే. ఊళ్ళు కాదు, రాత్రులు లెక్కపెట్టండి. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క కోరిక రాయండి. "సరేలే" అన్నవాళ్ళ కోరిక కింద రెండు గీతలు గీయండి. ఆ కాగితం మీద మీ పేరు కూడా మరిచిపోకండి.

సెలవు.