గడగడలాడని గడియ

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను తలుపు గడియ గురించి మాట్లాడబోతున్నాను. "ఆడవాళ్ళ కార్యక్రమంలో ఈ వడ్రంగి పని గోల ఏమిటమ్మా" అని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. కానీ ఇంట్లో తలుపు రోజుకు పాతికసార్లు తీసి పాతికసార్లు వేసేది ఎవరు? రాత్రి అందరూ పడుకున్నాక, గడియ పడిందో లేదోనని మళ్ళీ లేచి వెళ్ళి చూసేది ఎవరు? తీరా తలుపు చేయించేటప్పుడు మాత్రం మనల్ని ఎవరూ అడగరు. ఆచారీ, ఇంటాయనా వాకిట్లో నిలబడి మాట్లాడుకుని ముగించేస్తారు. ఆ తరువాత దానితో వేగవలసింది మనం.

మాది మార్కాపురం. గిద్దలూరు, కంభం వైపు చుట్టరికాలున్నవాళ్ళకు మా గాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఆషాఢం వచ్చిందంటే నల్లమల మీదుగా పడమటి గాలి దిగుతుంది. పగలంతా దుమ్ము, రాత్రంతా తలుపుల మోత. అది చాలదన్నట్లు, స్టేషను దగ్గర ఇళ్ళకు గుంటూరు నుంచి నంద్యాల పోయే రైళ్ళ అదురొకటి. బండి కనపడక ముందే గొళ్ళెం చెప్పేస్తుంది, బండి వస్తోందని. మేము కొందరం గొళ్ళేన్ని "బేడెం" అంటాం. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవే కదా, అటువైపు మాటలు మాకింకా మిగిలాయి. పేరేదయినా మోత ఒకటే.

మోత మోతే కదా, అలవాటయిపోతుంది అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా పక్కింటి అమ్మాయిని చూశాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఆ అమ్మాయి భర్త బేల్దారి పనికి హైదరాబాదు పోయేవాడు. మా ప్రాంతంలో వాన లేని ఏడు ఇది మామూలే. ఇంట్లో తనూ, నాలుగేళ్ళ కొడుకూ. పెరటి తలుపుకు సన్నపాటి ఇనుప గడియ. దాని చువ్వ చిటికెన వేలంత, అది దూరే బెజ్జం బొటనవేలంత. గాలి వీస్తే రాత్రంతా టకటక, టకటక. "గాలి అని తెలుసక్కా. కానీ ఎవరైనా చెయ్యి వేసి కదిపినా ఇట్లాగే ఉంటది గదా. ఏది గాలో ఏది మనిషో ఎట్టా తెలుసుకునేది?" అనేది. ఆలోచించి చూడండి, ఎంత నిజమో! మోగే గడియ కాపలా కాయదు. ఎప్పుడూ మొరిగే కుక్కలాగా, అసలు దొంగ వచ్చిన రోజున దాని మాట ఎవరూ వినరు.

అందుకని ఆ పిల్ల రోజూ రాత్రి రుబ్బురోలు పొత్రాన్ని దొర్లించుకు వచ్చి తలుపుకు ఆనించి పడుకునేది. గడియ సందులో గుడ్డపీలిక, గడప దగ్గర పలక ముక్క. పగిలిన పలక ముక్కలకు మార్కాపురంలో కరువేముంది? ఒక రాత్రి ఆ పిల్లవాణ్ణి తేలు కుట్టింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, ఈమె చీకట్లో పొత్రం లాగలేక, బిగుసుకుపోయిన గడియ ఊడక, గుడ్డపీలిక చేతికి చిక్కక లోపలే కొట్టుకుంటోంది. మా ఇంట్లో వాళ్ళం అవతల నిలబడి తలుపు నెడుతున్నాం. అంత మోత మోగిన తలుపు ఆ పూట మాత్రం రాయిలా నిలబడింది. చివరికి వీధి వైపు వెళ్ళి గోడ దూకి ఆసుపత్రికి తీసుకుపోయాం. పిల్లవాడు బతికాడు, దేవుడి దయ. కానీ ఆ కొద్ది నిమిషాలు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

మరునాడు ఆచారి గారిని పిలిపించాను. పెద్దాయన. విషయమంతా విని, గడియ రెండుసార్లు ఆడించి చూసి, "సందు ఉంటే మోగుద్ది, సందు లేకపోతే పట్టుద్దమ్మా. రెండూ లేకుండా ఎట్టా?" అన్నాడు. చిక్కు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. కొయ్య వానాకాలంలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆరి కుంచించుకుపోతుంది. టేకు తక్కువగా, వేప ఎక్కువగా. మార్కాపురం ఎండలు మీకు తెలియనివా? వేసవిలో సరిపోయేటట్లు గడియ పెట్టిస్తే ముసురు రోజుల్లో పట్టేస్తుంది. ముసురుకు సరిపోయేటట్లు పెట్టిస్తే వేసవిలో మోగుతుంది. మోగే గడియా, పట్టేసే గడియా వేరువేరు కావన్నమాట. ఒకటే గడియ, రెండు కాలాలు.

మరి దారి ఏమిటి? మనకు తెలిసిన వస్తువులోనే ఉంది. పారకు కామ వదులైతే ఏం చేస్తాం? చీల కొడతాం. చీల ఒక కొస సన్నం, ఒక కొస లావు. సందు ఎంత ఉంటే అంత లోపలికి పోయి, బిగువు దొరికిన చోట ఆగుతుంది. సందు ఎక్కువైతే ఇంకాస్త లోపలికి పోతుంది, తక్కువైతే కాస్త ముందే ఆగిపోతుంది. గడియనే చీలలాగా చేసి, దాని బరువుతో అదే దిగేటట్లు చేస్తే? సుత్తి అక్కర్లేదు, కాలంతో పేచీ లేదు. నేనీమాట అనేసరికి ఆచారి గారు కాసేపు గడ్డం గోక్కుని, "అట్టయితే దవడ వాలుగా కొట్టాల" అన్నాడు. మిగిలినదంతా ఆయన పనితనమే.

కొలతలు కావలసినవాళ్ళు పెన్సిలు, కాగితం తెచ్చుకోండి. ఇది లోపలికి తెరుచుకునే ఒంటి రెక్క తలుపుకు.

నల్లతుమ్మ కర్ర మంచిది. బాగా ఆరిన ముక్క కావాలి, పచ్చిది పనికిరాదు. అడుగు పొడవు, అంగుళంన్నర వెడల్పు, ఆరు నూళ్ళ మందం. వడ్రంగి లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్ళు. ఇది గడియ. దీన్ని తలుపుకు లోపలి వైపు అడ్డంగా, మనిషి నడుము కంటే కొంచెం ఎత్తున పెట్టాలి. ఒక కొసన బెజ్జం వేసి, తలుపు అంచుకు ఎనిమిది అంగుళాల లోపల, మరబోల్టుతో బిగించాలి. బోల్టు గుండు తల బయటికి, నట్టు లోపలికి ఉండాలి. తిరగేసి పెడితే బయటివాడు నట్టు విప్పుకుని గడియను ఊడదీస్తాడు, మీ పని సులువు చేసినట్లవుతుంది. గడియకు రెండు వైపులా వాషర్లు వేయించండి. కొస ఎత్తి వదిలితే దానంతట అదే పడాలి. పడకపోతే నట్టు ఎక్కువ బిగించారన్నమాట.

రెండో కొస తలుపు అంచు దాటి ద్వారబంధం మీదికి రెండు అంగుళాలు వస్తుంది. అక్కడ బంధానికి ఒక దవడ చెక్క బిగించాలి. గడియ పైనుంచి ఈ దవడ వెనక్కి దిగుతుంది. దవడకూ బంధానికీ మధ్య గాడి మూడు అంగుళాల లోతు. గాడి పైన ఎనిమిది నూళ్ళు, అంటే అంగుళం. అడుగున ఐదు నూళ్ళు. దవడ లోపలి ముఖం ఆ మేరకు వాలుగా ఉండాలి. మూడు అంగుళాల దిగుడుకు మూడు నూళ్ళ వాలు, ఎనిమిదికి ఒకటి. గడియ కొసకు గది వైపు ముఖాన్ని కూడా అదే వాలున, కింది అంచు సన్నబడేటట్లు చిత్రిక పట్టించాలి. అప్పుడు రెండు ముఖాలూ చక్కగా ఆనుకుంటాయి. లేకపోతే అంచు ఒక్కటే ఆని త్వరగా అరిగిపోతుంది.

గడియ గాడిలో దిగుతున్న కొద్దీ దవడ దాన్ని బయటి వైపుకు నెడుతుంది. గడియతో పాటు తలుపు రెక్క కూడా బంధం గాడిలోకి ఒత్తుకుంటుంది. ఒత్తుకున్న తలుపు కదలదు, కదలనిది మోగదు. పై కొలతలతో చేస్తే గడియ గాడి అడుగుకు అర అంగుళం పైనే ఆగుతుంది. ఆ అర అంగుళం వృథా అనుకుని పూడ్చకండి. ఎండకు కొయ్య కుంచించుకున్నా, నాలుగేళ్ళకు ముఖం అరిగినా గడియ దిగడానికి ఆ చోటు కావాలి. ఇంకొకటి: గడియ వెనుక ముఖానికీ ద్వారబంధానికీ మధ్య ఒక నూలు సందు తప్పక ఉండాలి. గడియ ముందే బంధాన్ని తాకితే అక్కడే ఆగిపోయి తలుపును పూర్తిగా నొక్కదు. మొదటిసారి మేమీ పొరపాటే చేశాం. తలుపుకూ బంధానికీ మట్టం కుదరక, గడియ కింద పలుచటి ఎత్తు చెక్క వేయాల్సి వచ్చింది.

వాలు ఎనిమిదికి ఒకటే ఎందుకు, ఇంకా ఎక్కువ పెడితే ఇంకా బిగుస్తుంది కదా అని మా చెల్లెలు అడిగింది. ఇంట్లో పిల్లల పలక ఉంటే దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి, ఒక అంచు మెల్లగా ఎత్తండి. కొంతదాకా బిళ్ళ కదలదు. ఒక వాలు దాటగానే జర్రున జారుతుంది. చెక్క మీద చెక్కకూ ఇదే నియమం. వాలు తక్కువగా ఉంటే బయటినుంచి ఎంత నెట్టినా ఆ ఒరిపిడే గడియను పట్టుకుని ఉంచుతుంది. వాలు మరీ ఎక్కువైతే తలుపు అదిరినప్పుడల్లా గడియ కొంచెం కొంచెం పైకి జారుతుంది. అందుకే ఆ వాలు ముఖానికి నూనె రాయకండి. మనకు కిర్రుమన్నదానికల్లా ఆముదం పూయడం అలవాటు. బోల్టు దగ్గర ఒక చుక్క వేయండి, అంతే.

దవడ చెక్కకు మేకులు కొట్టించవద్దు. ఎవరైనా భుజంతో నెడితే ఆ బలమంతా దాని మీదే పడుతుంది. రెండంగుళాల స్క్రూలు కనీసం మూడు, ఒకే వరుసలో కాకుండా. ఒకే వరుసలో వేస్తే ఆ గీత వెంబడే కొయ్య చీలుతుంది. తలుపు అంచు దగ్గర గడియ మీదుగా ఒక పట్టీ కూడా వేయించండి, గడియ లేవడానికి వీలుగా కాస్త ఎత్తు విడిచి. అప్పుడు నెట్టిన బరువు బోల్టు ఒక్కదాని మీద పడదు.

ఇక మిగిలింది దొంగ తెలివి. పైకి లేచే గడియను తలుపు సందులోంచి కత్తి దూర్చి ఎత్తవచ్చు. దానికి మందు చిన్న చీలే. గడియ ఆగిన చోటుకు కాస్త పైన దవడలో బెజ్జం వేసి, రాత్రిపూట అందులో చీల దూర్చితే గడియ లేవదు. వేల ఏళ్ళ కిందట ఈజిప్టు దేశంలో చెక్క తాళాలు ఈ పద్ధతిలోనే పనిచేసేవట, బరువు మీద కిందికి పడే పుల్లలతో. చీలను దారంతో దవడకే కట్టేయండి. లేకపోతే పిల్లలు మూడో రోజుకే ఎక్కడో పారేస్తారు.

పగటిపూట ముసలివాళ్ళు లోపల ఉండి గడియ పడితే? గడియకు ఒక తాడు కట్టి, గడియకు పైన తలుపులో బెజ్జం వేసి బయటికి వదలండి. బయటినుంచి లాగితే గడియ లేస్తుంది. రాత్రి ఆ తాడు లోపలికి లాక్కుని చీల దూర్చుకోవాలి. మా అత్తగారి స్నానాల గది తలుపుకు మేము తాడు ఎప్పుడూ బయటే ఉంచేవాళ్ళం, చీల పెట్టలేదు. అక్కడ దొంగ భయం కంటే కాలు జారే భయం ఎక్కువ.

గడియ బాగున్నా తలుపు కింది మూల కొట్టుకుంటూ ఉంటే రెక్క వంగిందన్నమాట. పాత సైకిలు ట్యూబు సన్నగా కోసి బంధం గాడిలో అతికించండి. బందుల స్క్రూలు వదులైతే ఆ బెజ్జాల్లో వెదురు పుల్లలు జిగురుతో కూరి మళ్ళీ బిగించండి. జంట రెక్కల తలుపుకు ఇదే గడియ ఒక రెక్క మీద, దవడ రెండో రెక్క మీద వస్తుంది. కానీ అప్పుడు రెండో రెక్క పైనా కిందా గట్టి గడియలతో కదలకుండా నిలవాలి.

పక్కింటి తలుపుకు ఇదంతా చేయించడానికి ఒక పూట పట్టింది. తుమ్మ కర్ర మా ఇంట్లో పాత కాడి నుంచి కోసింది. పొత్రం రోటి దగ్గరికి పోయింది. ఆ రాత్రి గాలి బాగానే వీచింది. పొద్దున్నే ఆ అమ్మాయి చేద బావి దగ్గర కనిపిస్తే, "ఏం అమ్మాయీ, హాయిగా పడుకున్నావా?" అన్నాను. "ఏం పడుకోవడమక్కా! చప్పుడు లేకపోయేసరికి తెల్లవార్లూ చెవులు రిక్కించి కూర్చున్నా" అంది. రెండు మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజున నేనే వెళ్ళి తాడు లాగి లేపాల్సి వచ్చింది, పాలవాడు వచ్చి పోయినా తెలియలేదట.

మీరు చేయించుకునేటట్లయితే ఆషాఢం రాకముందే చేయించుకోండి. దవడ ఎక్కడ బిగించాలో గుర్తు పెట్టేటప్పుడు తలుపును బయటినుంచి లాగి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఒక్కరే గుర్తు పెడితే ఒక నూలు తేడా వస్తుంది, ఆ నూలే రాత్రిళ్ళు మోగుతుంది.