డబ్బా వెనక్కి తిప్పి చదవండి

(గోసాని నువాగాంలో జరిగిన కార్మిక కుటుంబాల సమావేశంలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల మాట, బోనసు మాట వదిలిపెట్టి కార్యదర్శి ఈ రోజు ముఖానికి పూసుకునే క్రీముల గురించి మాట్లాడతానంటే వెనక వరసలో కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు. నవ్వండి. ఏడాది కిందటైతే నేనూ నవ్వేవాడినే.

మా అప్ప కూతురికి పెళ్ళి సంబంధం చూస్తున్నారు. పిల్ల చామనఛాయ. మా ఇంట్లో అందరిదీ అదే ఛాయ. ఎవరో చెప్పారని మందుల షాపులో చీటీ లేకుండా ఒక ట్యూబు కొన్నారు. పదిహేను రోజుల్లో ముఖం తెల్లబడింది. వాడకట్టు అంతా మెచ్చుకున్నారు. నేను కూడా "బాగుందమ్మా" అన్నాను, ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది. నాలుగు నెలలకి ముఖమంతా ఎర్రబారింది. ఎండలోకి వెళితే కారం రాసినట్టు మంట. చెంపల మీద నూగు వెంట్రుకలు, మొటిమలు. పూయడం మానితే ఇంకా ఎక్కువవుతోంది. చర్మాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ పిల్ల ముఖం కంటే ముందు ట్యూబు చూపించమంది. చూసి నాతో అంది: "దీని మీద మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అని రాసే ఉంది కదండీ. మొదటిది స్టెరాయిడు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కూడా ఇక్కడే రాసి ఉంది. ఎవరూ చదవలేదా?"

ఎవరూ చదవలేదు. మేనమామ సంఘం కార్యదర్శి, ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి కాగితాలూ చదివి పెడుతున్నవాడు. ఆ ట్యూబు అతని ఇంటి గూట్లోనే ఉంది.

నేను కుర్రతనంలో సూరత్ వెళ్ళి రంగుల ఖాతాలో చేరినప్పుడు జీతానికి చీటీ ఉండేది కాదు. గుమాస్తా చేతిలో పెట్టిందే లెక్క. చీటీ కోసం కొట్లాడాం, సాధించాం. తీరా చేతికొచ్చాక దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాళ్ళం, ఎవరికీ చదవడం రాదు. బేసిక్ అంటే ఏమిటి, డి.ఎ. అంటే ఏమిటి, పి.ఎఫ్. కింద ఎంత కోశాడు, ఇవన్నీ ఒక పెద్దాయన మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి నేర్పాడు. నేర్చుకున్నాకే కోత ఎక్కడ ఎక్కువ పడిందో కనిపించింది. క్రీము డబ్బా మీది జాబితా కూడా అలాంటి చీటీయే. అది కంపెనీ మనమీద దయతలచి వేసింది కాదు, చట్టం వేయించింది.

ఆ చట్టం ఏమంటుందంటే: నూటికి ఒకటి కంటే ఎక్కువ పాళ్ళలో ఉన్న సరుకుల పేర్లు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. ఒకటీ, అంతకంటే తక్కువా ఉన్నవి ఆ తర్వాత ఎలా రాసినా ఫరవాలేదు. 2020 కాస్మెటిక్ నియమాల్లో ఈ మాట ఉంది. కాబట్టి మొదటి నాలుగైదు పేర్లు చూస్తే మీరు దేనికి డబ్బు పోస్తున్నారో తెలిసిపోతుంది. చాలా క్రీముల్లో మొదటి పేరు నీరు. దాన్నే కొందరు ఆక్వా అని రాస్తారు. తర్వాత గ్లిజరిన్, మినరల్ ఆయిల్, స్టియరిక్ ఆసిడ్, సెటైల్ ఆల్కహాల్. ఆల్కహాల్ అన్నానని ఆశపడకండి, అది మైనంలాంటి కొవ్వు, సారా కాదు. ఇక ముందు వైపు బొమ్మలో మెరిసే కుంకుమపువ్వు, బాదం? వాటి పేర్లు చాలాసార్లు సువాసన తర్వాత, నిలవ మందు తర్వాత చివర్లో ఉంటాయి. నేను రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి చవకది, ఒకటి ఖరీదైనది. మొదటి అయిదు పేర్లూ అవే. ఖరీదైన దానికి మూత బాగుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చివర ఉన్నది పనిలేనిదని అనుకోవద్దు. మా మేనకోడలి ట్యూబులాంటి వాటిలో మొమెటాసోన్ నూటికి పదోవంతే ఉంటుంది, 0.1 శాతం. క్లోబెటసాల్ అయితే 0.05 శాతమే. ఆ కాస్తకే చర్మం పలచబడిపోతుంది. అందుకని మొదటి పేర్లు ధర కోసం చదవండి, మిగతా పేర్లు ప్రమాదం కోసం చదవండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఈ మూడు పేర్లు ఇంట్లో చదువుకునే పిల్లల చేత కాగితం మీద రాయించుకోండి. వాళ్ళు ఒడియా బడిలో చదివినా ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఈ మందులు చెడ్డవని నేననడం లేదు. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తాయి. పూసే స్టెరాయిడు మందులు చీటీ మీదే అమ్మాలని 2018లో ప్రభుత్వం నియమం గట్టిచేసింది కూడా. తెల్లదనానికి రోజూ పూయడమే తప్పు. మగవాళ్ళకి మరీ చెబుతున్నాను. పన్నెండు గంటలు చెమటలో నిలబడి, గజ్జల్లో తామర వస్తే మీరు కొనేది కూడా చాలాసార్లు ఇలాంటి కలగలుపు ట్యూబే. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, తామర మాత్రం లోపల్లోపల పాకుతుంది. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు నా మాట విని ఒక్కసారిగా మానేయకండి. ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రి చర్మ విభాగానికి వెళ్ళి, ట్యూబు చూపించి, వాళ్ళు చెప్పినట్టు మానండి.

ఇంకొకటి పాదరసం. చర్మంలో నలుపు తయారవడాన్ని అది అడ్డుకుంటుంది, అందుకే తెల్లబరిచే దొంగ క్రీముల్లో కలుపుతారు. చర్మంలోంచి లోపలికి దిగి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. మన దేశంలో ముఖం క్రీముల్లో పొరపాటున కలిసినా పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదని నియమం. కేరళలో కొట్టక్కల్ ఆసుపత్రి డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్ళలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినట్టు ఒప్పుకున్నారు. పాదరసం ఉన్న సంగతి రాస్తే కాలోమెల్ అనో, మెర్క్యురిక్ అనో, మెర్క్యూరస్ క్లోరైడ్ అనో రాస్తారు, చాలామంది అసలు రాయనే రాయరు. కానీ "బంగారం, వెండి తగలనివ్వకండి" అని ఎక్కడైనా రాసి ఉంటే అనుమానించండి. పాదరసం బంగారాన్ని పట్టేస్తుందని మన కంసాలిని అడిగినా చెబుతాడు. మెడలో పుస్తె తీసి పూసుకోవలసిన క్రీము మనకెందుకు? తయారుచేసిన వాడి చిరునామా, లైసెన్సు నెంబరు, బ్యాచి నెంబరు లేనిది ఏదీ కొనొద్దు. ఠాకురాణీ జాతరకి సూరత్ నుంచి వచ్చేవాళ్ళు ఇంట్లో ఆడపిల్లలకి కానుకగా ఇవే తెస్తున్నారు. ప్రేమతోనే తెస్తున్నారు. చీర తెండి.

"అయితే ఇంట్లో నిమ్మకాయ రాసుకుంటాం" అని ఒక అక్క అంటోంది. నిమ్మరసం రాసుకుని ఎండలో తిరిగితే చర్మం కాలి మచ్చ పడుతుంది తల్లీ. చెట్టుది కదా అని అన్నీ మంచివి కావు. రసాయనమని అన్నీ విషమూ కావు.

మన చేతుల సంగతి కూడా చెప్పాలి. రంగుల ఖాతాలో హైడ్రోస్, సోడా, బ్లీచింగు, మళ్ళీ మరక పోవడానికి బట్టల సోడాతోనో, కిరసనాయిలుతోనో తోముకోవడం. చర్మంలో ఉన్న జిడ్డంతా పోయి పగుళ్ళు వస్తాయి. దానికి ఖరీదైన క్రీము అక్కర్లేదు. చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ రాయండి. జాబితాలో పెట్రోలేటం అని ఒకటే పేరు ఉంటుంది. అది తడిని బయటికి పోనివ్వదు. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది. సబ్బు కొనేటప్పుడు టి.ఎఫ్.ఎం. అంకె చూడండి. అది సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో చెబుతుంది. 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు, 70 అయితే రెండు, 60 అయితే మూడు. బేతింగ్ బార్ అని రాసి ఉన్నది ఇంకా తక్కువ ఉండొచ్చు. జెల్లీ రాసుకుంటున్నాం కదా అని చేతి తొడుగులు అడగడం మానొద్దు. తొడుగులు ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిది, ఆ డిమాండు మన పత్రంలో నాలుగోది, అది అలాగే ఉంటుంది.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండిన సంగతి ఇప్పుడు చెబుతాను. జాబితా వేయాలన్న ఆ నియమంలోనే ఒక మినహాయింపు ఉంది. 30 గ్రాముల కంటే చిన్న క్రీము ప్యాకెట్టుకీ, 60 మిల్లీలీటర్ల కంటే చిన్న ద్రవం ప్యాకెట్టుకీ జాబితా అక్కర్లేదట! పెద్ద డబ్బా కొనగలిగినవాడికి చదువుకునే హక్కుంది, అయిదు రూపాయల ప్యాకెట్టు కొనేవాడికి లేదు. ఆ ప్యాకెట్లు కొనేది ఎవరు? మనమే. పైగా చిన్న ప్యాకెట్టు చవకా అంటే అదీ చూడాలి. 20 గ్రాములు 60 రూపాయలైతే 100 గ్రాములు 300 పడుతుంది. నూరు గ్రాముల లెక్క వేసి చూశాకే కొనండి. కొన్ని కంపెనీలు చిన్న ప్యాకెట్ల మీదా జాబితా వేస్తున్నాయి, అంటే వేయడానికి చోటు ఉందన్నమాటే. ఈ మినహాయింపు తీసేయాలని కోరుతూ ఒక తీర్మానం రాసుకొచ్చాను, ఇంకాసేపట్లో చదువుతాను, అందరూ సంతకం పెట్టాలి, ముఖ్యంగా ఆడవాళ్ళు.

మా మేనకోడలు ఈ సభకి వచ్చింది. ముఖం చాలావరకు కుదుటపడింది. మీ ఇళ్ళలోంచి తెచ్చిన డబ్బాలూ ట్యూబులూ ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టండి. అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయని భూతద్దం తెప్పించాం. తను కూర్చుని ఒక్కొక్కటే చదివి చెబుతుంది.